ఆపరేషన్ తట్టుకోలేనివారికి గాల్‌బ్లాడర్ వాపు: బయటి గొట్టమా, లోపలి స్టెంటా?

కుడి పక్కటెముకల కింద విడవని నొప్పి, చలిజ్వరం, వాంతులు. స్కాన్ తీస్తే గాల్‌బ్లాడర్ ఉబ్బి, గోడ మందమై, మెడ దగ్గర ఒక రాయి ఇరుక్కుని కనిపిస్తుంది. నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడికి ఇలా వస్తే పెద్ద చర్చ ఉండదు. సెలైన్, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, వీలైనంత త్వరగా లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీసేస్తారు. కానీ మంచం మీద ఉన్నది ఎనభై దాటిన పెద్దాయన అనుకోండి. గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది, కిడ్నీలు అంతంతమాత్రం, రక్తం పల్చబరిచే మాత్ర రోజూ వేసుకుంటున్నారు. సర్జన్ వచ్చి చూసి "ఇప్పుడు ఆపరేషన్ అంటే తట్టుకోలేరు" అంటారు. ఒక డాక్టర్ "బయట నుంచి గొట్టం వేద్దాం" అంటారు. ఇంకొకరు "ఎండోస్కోపీలో స్టెంట్ కూడా పెట్టొచ్చు" అంటారు. ఇంట్లోవాళ్లకు రెండిటికీ తేడా తెలియదు, సంతకం మాత్రం వెంటనే కావాలి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఆ పూట ప్రాణం నిలబెట్టడంలో ఈ పద్ధతుల మధ్య పెద్ద తేడా లేదు. అనుభవం ఉన్నవాళ్లు చేస్తే దేనితోనైనా చీము బయటికి వస్తుంది, జ్వరం దిగుతుంది. తేడా అంతా డిశ్చార్జ్ అయ్యాకే మొదలవుతుంది. అందుకే ఏ పద్ధతి గొప్పది అని అడిగే ముందు డాక్టర్‌ను ఒక్క మాట అడగాలి: "కోలుకున్నాక ఈ మనిషికి గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్ చేసే ఉద్దేశం ఉందా, లేక ఎప్పటికీ లేనట్టేనా?" మిగతా ఎంపిక చాలావరకు ఆ జవాబును బట్టే సాగుతుంది.

లోపల ఏం జరుగుతోంది

లివర్‌లో తయారైన పైత్యరసాన్ని గాల్‌బ్లాడర్ దాచి ఉంచుతుంది. మామూలుగా పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. బయటికి పోయే దారి ఒక్కటే, సన్నటి సిస్టిక్ నాళం. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాపు రావడానికి కారణం ఆ దారికి రాయి అడ్డుపడటమే. దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, గోడకు రక్తప్రసారం తగ్గుతుంది, సూక్ష్మక్రిములు చేరి చీము పడుతుంది. అలాగే వదిలేస్తే గోడ కుళ్లి చిల్లు పడే ప్రమాదం ఉంది. గొట్టం వేసినా, స్టెంట్ (దారి తెరిచి ఉంచడానికి లోపలే వదిలే చిన్న గొట్టం) పెట్టినా చేసే పని ఒకటే: ఆ ఒత్తిడి దించి, చీముకు దారి ఇవ్వడం. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటే, తర్వాత వచ్చే చాలా సందేహాలు వాటంతటవే తీరతాయి.

రాళ్లు లేకుండా కూడా కొందరికి ఈ వాపు వస్తుంది. ఐసీయూలో చాలా రోజులుగా ఉన్నవాళ్లు, కాలిన గాయాలవాళ్లు, పెద్ద ఆపరేషన్ తర్వాత తిండి లేకుండా ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. వీళ్ల విషయం వేరు. అసలు జబ్బు తగ్గి మనిషి లేచి తిరిగితే గాల్‌బ్లాడర్ కూడా చాలామందిలో సర్దుకుంటుంది. కొన్ని వారాలు గొట్టం ఉంచి తీసేస్తే సరిపోవచ్చు. రాళ్లున్నవాళ్లలో అలా కాదు, గొట్టం తీసేశాక మళ్లీ అదే నొప్పితో తిరిగి రావడం మామూలే.

ముందు ఇది తేల్చుకోండి: నిజంగానే ఆపరేషన్ కుదరదా?

"వయసు ఎక్కువ" అన్న ఒక్క కారణంతో ఆపరేషన్‌ను పక్కన పెట్టేయడం సరికాదు. నెదర్లాండ్స్‌లో 11 ఆసుపత్రులు కలిసి చేసిన చాకొలేట్ అనే ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఆపరేషన్‌కు రిస్క్ ఎక్కువ అనుకున్నవారిలో కొందరికి లాప్రోస్కోపీ చేశారు, మరికొందరికి బయట నుంచి గొట్టం వేశారు. పెద్ద కాంప్లికేషన్లు ఆపరేషన్ అయినవారిలో 12 శాతం, గొట్టం వేసినవారిలో 65 శాతం. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ట్రయల్‌లోకి అతి తీవ్రంగా ఉన్న రోగులను తీసుకోలేదు, ఆ పరిమితిని మరవకూడదు. అయినా పాఠం ఒకటుంది. రిస్క్ ఉన్నవాళ్లంతా ఆపరేషన్‌కు పనికిరానివాళ్లు కారు.

మరి ఎవరు పనికిరారు? డాక్టర్లు వాడే టోక్యో గైడ్‌లైన్స్ 2018లో దీనికి కొలతలున్నాయి. మత్తు డాక్టర్లు ఇచ్చే ఏఎస్ఏ గ్రేడు 3 లేదా అంతకంటే ఎక్కువ ఉండటం, పాత జబ్బులన్నిటినీ లెక్కగట్టే చార్ల్‌సన్ స్కోరు 6 లేదా ఆపైన ఉండటం లాంటివి హెచ్చరిక గీతలు. వాపు వల్ల బీపీ పడిపోవడం, కిడ్నీలు ఆగడం, స్పృహ తగ్గడం దాకా వెళ్తే అది మూడో గ్రేడు, అక్కడ గీత ఇంకా కిందికి దిగుతుంది. ఈ లెక్కలన్నీ ఇంట్లోవాళ్లు వేయక్కర్లేదు. "మత్తు డాక్టర్ చూశారా? వద్దనడానికి కారణం గుండెనా, ఊపిరితిత్తులా, ఇప్పటి ఇన్‌ఫెక్షనా?" అని అడిగితే చాలు. ఇన్‌ఫెక్షన్ వల్ల మాత్రమే వద్దంటున్నారంటే అది తాత్కాలికం, నెలన్నర తర్వాత పరిస్థితి మారవచ్చు. గుండె పంపింగ్ వల్ల అయితే చాలాసార్లు అది శాశ్వతం. గొట్టమా, స్టెంటా అన్న ప్రశ్న ఇక్కడే సగం తేలిపోతుంది.

ఒట్టి యాంటీబయాటిక్స్‌తో చూద్దాం అనే దారీ ఉంది. వాపు తేలికగా ఉండి, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం, నొప్పి తగ్గుముఖం పడితే అది తప్పు కాదు. తగ్గకుండా రోజులు సాగదీయడమే తప్పు. చీముకు దారి ఇవ్వకుండా మందులు మార్చుకుంటూ పోతే మనిషి నీరసిస్తాడు, అప్పుడు గొట్టం వేయడం కూడా కష్టమవుతుంది.

బయట నుంచి గొట్టం

ఇది అన్నిటికంటే పాతది, అన్నిచోట్లా దొరికేది. రేడియాలజిస్ట్ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సాధారణంగా లివర్ అంచు గుండా సూదిని గాల్‌బ్లాడర్‌లోకి పంపుతారు. సూది వెంట తీగ, తీగ వెంట 8 నుంచి 10 ఫ్రెంచ్ సైజు గొట్టం, అంటే మూడు మిల్లీమీటర్ల లావు. లోపలి కొస మెలిక తిరిగి ఉంటుంది, జారిపోకుండా. బయటి కొసకు బ్యాగు తగిలిస్తారు. మనిషిని పూర్తిగా నిద్రపుచ్చక్కర్లేదు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఐసీయూ మంచం దగ్గరే చేయవచ్చు. గొట్టం పడటం దాదాపు ఎప్పుడూ జరుగుతుంది. బీపీ నిలబడక మందుల మీద ఉన్న మనిషిని ఎండోస్కోపీ గదికి తరలించడమే ప్రమాదం అనుకున్నప్పుడు దీన్ని మించింది లేదు.

ఇబ్బందులు ఇంటికి వచ్చాక తెలుస్తాయి. కుడి డొక్కలోంచి వచ్చిన గొట్టాన్ని చర్మానికి కుట్టి, పైన ప్లాస్టర్ వేసి పంపుతారు. కుడివైపు తిరిగి పడుకుంటే నొక్కుకుంటుంది. బట్టలు మార్చేటప్పుడు లాగుతుంది. బాత్‌రూమ్‌కు లేచినప్పుడు బ్యాగు మంచం కోడుకు చిక్కుకుంటుంది, అందుకే లేచే ముందు బ్యాగు చేతిలో పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. గొట్టం మూసుకోకుండా ఇంట్లో ఎవరో ఒకరు సిరంజితో కాస్త సెలైన్ లోపలికి పంపడం నేర్చుకోవాల్సి రావచ్చు. చర్మం దగ్గర ఎర్రబడటం, చుట్టూ పసరు (పైత్యరసం) కారడం మామూలు ఫిర్యాదులు. రోజూ బ్యాగులో ఎంత పడిందో, ఏ రంగులో ఉందో రాసి పెట్టుకోవడం మంచిది, డాక్టర్‌కు అది చాలా చెబుతుంది. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో పసరు వస్తుంటే సిస్టిక్ నాళం తెరుచుకుందని అర్థం. తెల్లటి జిగురు మాత్రం కొంచెం కొంచెం వస్తుంటే రాయి ఇంకా అడ్డంగానే ఉందన్నమాట.

అసలు భయం గొట్టం ఊడిపోవడం. సూది వెళ్లిన దారి చుట్టూ కండ గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. షుగర్ ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో, బాగా చిక్కినవారిలో ఇంకా ఆలస్యం. అంతకు ముందే ఊడితే పసరు పొట్టలోపల పేగుల చుట్టూ కారుతుంది, అది ఎమర్జెన్సీ. మతిమరుపు ముదిరి, చేతికి ఏది తగిలితే అది లాగేసే పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ గొట్టం అంటే రోజూ కాపలా కాయడమే. ఈ ఒక్క కారణంతోనే లోపలి స్టెంట్ వైపు మొగ్గడం పూర్తిగా సబబని నేననుకుంటాను, డాక్టర్లు అడగకపోయినా ఇంట్లోవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి.

తీసే ముందు గొట్టంలో రంగు మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. ఆ మందు సిస్టిక్ నాళం దాటి చిన్నపేగులోకి చేరితేనే తీయడం. చేరకపోతే గొట్టం ఉండాల్సిందే, కొన్ని నెలలకోసారి మార్చుకుంటూ.

పేగు దారిలోంచి సన్నటి స్టెంట్

ఎండోస్కోపీ స్టెంట్ అంటే ఒకటే పద్ధతి అనుకుంటారు చాలామంది. కాదు, రెండున్నాయి, వాటి స్వభావాలు వేరు. మొదటిది ఈఆర్‌సీపీ ద్వారా పెట్టేది. నోటి గుండా స్కోపు పంపి, చిన్నపేగు మొదట్లో పైత్యనాళం తెరుచుకునే చోటు నుంచి తీగను పైకి పంపుతారు. అక్కడి నుంచి సిస్టిక్ నాళంలోకి తిప్పి గాల్‌బ్లాడర్ దాకా తీసుకెళ్తారు. తీగ మీదుగా సన్నటి ప్లాస్టిక్ స్టెంట్ వేస్తారు, 5 నుంచి 7 ఫ్రెంచ్, అంటే రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. రెండు కొసలూ మెలిక తిరిగి ఉంటాయి. ఒక కొస గాల్‌బ్లాడర్‌లో, రెండోది పేగులో.

దీని గొప్పతనం ఎక్కడా పొడవకపోవడం. శరీరం ముందే ఇచ్చిన దారిలోంచి వెళ్తుంది. కాబట్టి రక్తం గడ్డకట్టే శక్తి తగ్గినవారికి, బ్లడ్ థిన్నర్ ఆపడానికి వీల్లేనివారికి, లివర్ సిర్రోసిస్‌తో పొట్టలో నీరు చేరినవారికి ఇదే మొదట ఆలోచించాల్సింది. లివర్ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారికి మరీను. గాల్‌బ్లాడర్‌కు కొత్త రంధ్రం ఏదీ ఉండదు కాబట్టి తర్వాత సర్జన్‌కు చిక్కు ఉండదు. పైత్యనాళంలో కూడా రాళ్లుండి కామెర్లు వస్తే, ఒకే ప్రొసీజర్‌లో రాళ్లు తీయడం, స్టెంట్ పెట్టడం రెండూ అయిపోతాయి.

బలహీనతలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. సిస్టిక్ నాళం మెలికలు తిరిగి, లోపల మడతలతో ఉంటుంది. పైగా దానికి అడ్డంగా రాయి కూర్చుని ఉంది. ఎంత చేయి తిరిగినవారికైనా పదిమందిలో ఒకరిద్దరిలో తీగ దాటదు. అప్పుడు వేరే పద్ధతికి మారాలి, మనిషి రెండోసారి మత్తు భరించాలి. ఈఆర్‌సీపీ కాబట్టి క్లోమానికి వాపు వచ్చే రిస్క్ ఉంది, నూటికి 3 నుంచి 10 మందిలో అని లెక్క. దాన్ని తగ్గించడానికి మలద్వారంలో డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ బిళ్ల పెడతారు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి అది కుదురుతుందో లేదో ముందే మాట్లాడుకోవాలి.

రెండు మిల్లీమీటర్ల స్టెంట్ కొన్నాళ్లకు మూసుకుపోదా అని అడగడం సహజం. మూసుకుంటుంది. అయినా నాళం గోడకూ స్టెంట్‌కూ మధ్య సందులోంచి పసరు జారుతూనే ఉంటుంది, అందుకే చాలామందికి నెలల తరబడి ఇబ్బంది రాదు. కొన్నిచోట్ల నిర్ణీత గడువుకు మారుస్తారు, కొన్నిచోట్ల జ్వరమో నొప్పో వస్తేనే ముట్టుకుంటారు. మీ డాక్టర్ ఏ పద్ధతి పాటిస్తారో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోవడం మంచిది. చిక్కటి చీము, గడ్డలు ఉన్నచోట మాత్రం ఇంత సన్నటి స్టెంట్ పూర్తిగా ఖాళీ చేయలేదు.

కడుపు గోడలోంచి వెడల్పు లోహపు స్టెంట్

ఇది అన్నిటికంటే కొత్తది. స్కోపు కొసనే అల్ట్రాసౌండ్ ఉంటుంది, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అంటారు. కడుపు చివరి భాగంలోనో చిన్నపేగు మొదట్లోనో నిలబడి చూస్తే పక్కనే ఉబ్బిన గాల్‌బ్లాడర్ కనిపిస్తుంది. రెండు గోడలకూ మధ్య దూరం ఒక సెంటీమీటర్ లోపు ఉంటే, కొస వేడెక్కే పరికరంతో గోడ గుండా నేరుగా లోపలికి వెళ్తారు. అక్కడ లామ్స్ అనే స్టెంట్‌ను విప్పుతారు. అది డమరుకం ఆకారంలో ఉంటుంది, రెండు చివరలూ వెడల్పు, నడుము సన్నం. లోపలి అంచు గాల్‌బ్లాడర్‌లో విచ్చుకుంటుంది, దాన్ని కాస్త వెనక్కి లాగి బయటి అంచును కడుపు వైపు వదులుతారు. రెండు గోడలూ ఒకదానికొకటి అతుక్కుని నిలుస్తాయి. ఆ క్షణంలోనే నల్లటి పసరు, చీము కలిసి స్కోపు తెర మీద ఎగజిమ్ముతాయి. ఒత్తిడి దిగిందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఇందులో దారి వెడల్పు 10 నుంచి 15 మిల్లీమీటర్లు. సన్నటి ప్లాస్టిక్ స్టెంట్‌తో పోల్చి చూడండి. చిక్కటి చీము, చిన్న రాళ్లు కూడా వాటంతటవే పేగులోకి రాలిపోతాయి. కొన్ని వారాల తర్వాత అదే దారిలో స్కోపును గాల్‌బ్లాడర్‌లోకి పంపి మిగిలిన రాళ్లు తీసేసే వీలు కూడా ఉంది. సిస్టిక్ నాళంతో పని లేదు కాబట్టి, అక్కడ రాయి ఉన్నా, క్యాన్సర్ గడ్డ ఉన్నా, పైత్యనాళంలో ముందే వేసిన లోహపు స్టెంట్ దాన్ని మూసేసినా దీనికి అడ్డు కాదు. క్యాన్సర్‌తో కామెర్లకు స్టెంట్ వేయించుకున్నాక గాల్‌బ్లాడర్ వాచినవారికి అందుకే చాలాసార్లు ఇదే దారి.

బయటి గొట్టంతో దీన్ని నేరుగా పోల్చిన ట్రయల్ డ్రాక్-1. హాంకాంగ్ బృందం నేతృత్వంలో జరిగింది, 2020లో వెలువడింది. ఆపరేషన్‌కు చాలా ఎక్కువ రిస్క్ ఉన్న 80 మందిని తీసుకున్నారు. ఏడాదిలో కాంప్లికేషన్లు స్టెంట్ గ్రూపులో 25.6 శాతం, గొట్టం గ్రూపులో 77.5 శాతం. అనుకోకుండా మళ్లీ ఆసుపత్రిలో చేరడం 15.4 శాతం, 50 శాతం. వాపు తిరగబెట్టడం 2.6 శాతం, 20 శాతం. జబ్బు తగ్గడంలో మాత్రం ఇద్దరూ సమానం, రెండు గ్రూపుల్లోనూ 92 శాతం పైనే. మొదటి నెల మరణాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా డిశ్చార్జ్ తర్వాతే అని మొదట్లో నేనన్నది ఈ అంకెలను చూసే. యూరప్ ఎండోస్కోపీ సంఘం 2022లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా, రెండూ అందుబాటులో ఉన్నచోట ఆపరేషన్ రిస్క్ ఎక్కువ ఉన్నవారికి బయటి గొట్టం కంటే దీనివైపే మొగ్గింది. 2018 నాటి టోక్యో గైడ్‌లైన్స్ మాత్రం బయటి గొట్టాన్నే మొదటి పద్ధతిగా ఉంచి, ఎండోస్కోపీని అనుభవం ఉన్న పెద్ద సెంటర్లకు వదిలాయి. రెండిటికీ వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, "అనుభవం ఉంటేనే" అన్న షరతు రెండు చోట్లా ఉంది.

ఇక రిస్కులు. స్టెంట్ విప్పేటప్పుడు ఒక అంచు తప్పుచోట తెరుచుకుంటే కడుపులో చిల్లు మిగిలిపోతుంది, పసరు కారుతుంది. వెంటనే రెండో స్టెంట్ వేసి సరిదిద్దగలిగినవాళ్లే ఇది చేయాలి. తర్వాతి కాలంలో రక్తస్రావం, స్టెంట్ జారడం, కండ పెరిగి స్టెంట్‌ను కప్పేయడం, తిన్నది లోపలికి పోయి మూసుకోవడం జరగవచ్చు. కడుపు వైపు నుంచి వేస్తే తిండి లోపలికి పోయే అవకాశం ఎక్కువ, పేగు వైపు నుంచి వేస్తే తక్కువ. గాల్‌బ్లాడర్ ముందే చిల్లు పడి ఉంటే, పొట్టలో నీరు బాగా ఉంటే, రక్తం గడ్డకట్టే లోపాన్ని సరిచేయలేకపోతే ఈ పద్ధతి జోలికి పోరు.

అన్నిటికంటే పెద్ద షరతు ఇంకోటి. ఈ స్టెంట్ గాల్‌బ్లాడర్‌కూ కడుపుకూ మధ్య కొత్త దారి చేస్తుంది. తర్వాత ఎప్పుడైనా గాల్‌బ్లాడర్ తీయాలంటే సర్జన్ ఆ దారిని విడదీసి, కడుపు లేదా పేగు గోడను కుట్టాలి. అసాధ్యమేమీ కాదు, కానీ ఆపరేషన్ బరువు పెరుగుతుంది. అందుకే రెండు నెలల్లో ఆపరేషన్ చేయాలన్న ఆలోచన ఉన్న మనిషికి దీన్ని మొదటి ఎంపికగా నేను చూడను. ఆపరేషన్ ఎప్పటికీ లేదని తేలినవారికి మాత్రం, చేయి తిరిగిన మనిషి దొరికితే, నా ఓటు దీనికే.

ఎవరికి ఏది

ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆపరేషన్ చేయగలిగే మనిషైతే బయటి గొట్టమో ఈఆర్‌సీపీ స్టెంటో చాలు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి గాల్‌బ్లాడర్ తీస్తారు. ఈ రెండిట్లో, ఇంట్లో గొట్టం చూసుకునే మనిషి ఉంటే గొట్టం సులువు. బ్లడ్ థిన్నర్లో, పొట్టలో నీరో ఉంటే, నాళంలో రాళ్లు కూడా ఉంటే ఈఆర్‌సీపీ.

ఆపరేషన్ ఇక లేనట్టే అనుకుంటే వెడల్పు స్టెంట్ ముందు. అది కుదరకపోతే సన్నటి స్టెంట్. బయటి గొట్టం శాశ్వత పరిష్కారంగా చివరన ఉండాలి. జీవితాంతం బ్యాగుతో తిరగడం ఎనభై ఏళ్ల మనిషికి చిన్న విషయం కాదు. నెలలకొద్దీ మార్పిళ్లు, ఊడిపోయినప్పుడల్లా ఆసుపత్రికి పరుగులు ఇంట్లోవాళ్లను కూడా అలసిపోయేలా చేస్తాయి.

మనిషి మరీ విషమంగా ఉంటే ఆలోచించకుండా గొట్టమే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇవాళ గొట్టం వేసినంత మాత్రాన అది శాశ్వతం కానక్కర్లేదు. ప్రమాదం గడిచి మనిషి తేరుకున్నాక ఆ గొట్టాన్ని లోపలి స్టెంట్‌గా మార్చవచ్చు. ఖాళీ అయిన గాల్‌బ్లాడర్ ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి గొట్టంలోంచి సెలైన్ పంపి ఉబ్బించి, అప్పుడు కడుపు వైపు నుంచి స్టెంట్ వేస్తారు. తర్వాత బయటి గొట్టం తీసేస్తారు. డిశ్చార్జ్ రోజున "ఈ గొట్టం ఎన్నాళ్లు? లోపలికి మార్చే వీలుందా?" అని అడగకపోతే ఈ అవకాశం ఎవరూ చెప్పకుండానే జారిపోవచ్చు.

బరువు తగ్గే ఆపరేషన్‌లో కడుపుకు బైపాస్ అయినవారికి ఈఆర్‌సీపీ స్కోపు మామూలు దారిన చేరదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌కూ గాల్‌బ్లాడర్ అందకపోవచ్చు. వాళ్లకు ఎక్కువసార్లు బయటి గొట్టమే మిగులుతుంది.

చేసేవాళ్ల గురించి అడగాల్సినవి

కాగితం మీద ఏ పద్ధతి మంచిదో అన్నదానికంటే, ఈ ఆసుపత్రిలో ఎవరు ఏది బాగా చేస్తారన్నది ముఖ్యం. మొహమాటం పడకుండా అడగండి. గాల్‌బ్లాడర్ కోసం ఈ స్టెంట్ ఇక్కడ తరచుగా వేస్తారా, ఎప్పుడో ఒకసారా? స్టెంట్ తప్పుచోట పడితే సరిచేసే ఏర్పాటు, వెనక సర్జన్, రేడియాలజిస్ట్ ఉన్నారా? మత్తు ఎలా ఇస్తారు, ఊపిరి గొట్టం వేయాల్సి వస్తుందా? ఇక్కడ కుదరకపోతే, ముందు గొట్టం వేసి నిలబెట్టి వేరేచోటికి పంపుతారా? ఆఖరి ప్రశ్నకు "పంపుతాం" అని నిబ్బరంగా చెప్పే డాక్టర్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. అరుదుగా చేసే స్టెంట్ కంటే రోజూ వేసే గొట్టం మేలు.

బ్లడ్ థిన్నర్ల గురించి ఒక మాట. ఏ మాత్ర ఎప్పుడు వేశారో టైముతో సహా చెప్పండి. గుండెలో స్టెంట్ ఎప్పుడు పడింది, కవాటం మార్చారా అన్నది కూడా. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్‌తో కలిసి తేల్చాల్సింది, ఇంట్లో ముందుగానే ఆపేయడం ప్రమాదకరం.

ఇంటికి వచ్చాక

లోపలి స్టెంట్ కంటికి కనిపించదు, నొప్పి పెట్టదు. అందుకే కొన్నాళ్లకు అందరూ మరిచిపోతారు. వెడల్పు స్టెంట్ విషయంలో సెంటర్‌కో పద్ధతి ఉంది. కొందరు నెల తర్వాత దాన్ని తీసి, ఆ దారిలో ప్లాస్టిక్ స్టెంట్ పెట్టి వదిలేస్తారు, ఎక్కువకాలం ఉంచితే కండ కప్పేయడం, రక్తస్రావం లాంటివి రాకుండా. ఎక్కువ కాలం బతికే అవకాశం లేనివారిలో మరో ప్రొసీజర్ బాధ పెట్టడం ఎందుకని అలాగే ఉంచేస్తారు. రెండూ సబబే, కానీ మీ మనిషికి ఏది అనుకున్నారో తెలియాలి. స్టెంట్ పేరు, సైజు, వేసిన తేదీ, తీయాల్సిన గడువు ఒక కార్డు మీద రాయించి పర్సులో పెట్టండి. ఇంకోచోట ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా, రాత్రిపూట వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.

మళ్లీ జ్వరం, కళ్లు పచ్చబడటం, కడుపు నొప్పి, నల్లటి జిగట విరేచనం, రక్తపు వాంతి ఇవేవి వచ్చినా ఆగకూడదు. బయటి గొట్టం ఉన్నవారిలో బ్యాగులో ఒక్కసారిగా ఏమీ పడకపోవడం, గొట్టం బయటికి జరిగినట్టు అనిపించడం కూడా అలాంటివే. ఊడిపోతే మీరే తిరిగి లోపలికి తోయకండి. ఆ చోట శుభ్రమైన గుడ్డ కప్పి, ఊడిన గొట్టాన్ని కూడా కవర్‌లో వేసుకుని వెంటనే వెళ్లండి. దారి గట్టిపడి ఉంటే అదే రంధ్రంలోంచి కొత్త గొట్టం వేసే వీలుంటుంది, కానీ ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుంది.